గది నిలిచింది, మాట మిగిలింది

మా అబ్బాయి ఉద్యోగరీత్యా సియోల్ నగరంలో ఉంటున్నాడు. ఆ కారణంగా, పదవీ విరమణానంతరం నాకు కొరియా దేశంలో నెల రోజులు గడిపే భాగ్యం కలిగింది. భాష రాని చోట పంతులుకు పని ఏముంటుంది? ప్రొద్దున్నే లేచి నడవడం, కనబడిన ప్రతి రాతి పలకనూ అక్షరాలు తెలియని పసివాడిలా చూస్తూ నిలబడడం, సాయంకాలం వాడు రాగానే దాని అర్థం అడగడం. ఇదీ నా దినచర్య.

ఒక ఆదివారం నన్ను కొరియా విశ్వవిద్యాలయానికి తీసుకువెళ్లాడు. అనామ్ అనే పేటలో, కొండవాలున, బూడిదరంగు రాతితో కట్టిన ప్రధాన భవనం. ఐరోపా దేశపు పాత విద్యాపీఠాన్ని తెచ్చి ఇక్కడ నిలబెట్టారా అన్నట్లుంటుంది. దాని ముందు పచ్చిక మీద ఒక పెద్దమనిషి కంచు విగ్రహం. పేరు కిమ్ సంగ్‌సు. ‘ఇన్‌చోన్’ అన్నది ఆయన ఉపనామం. ఓడరేవు నగరమైన ఇంచియాన్‌తో దానికి సంబంధం లేదు. చీనా లిపిలో ఆ రెండక్షరాలకు ‘కరుణ గల పల్లె’ అని అర్థమట.

“నాన్నా, ఈ పక్క రోడ్డుకు మొన్నమొన్నటి దాకా ఈయన పేరే ఉండేది. 2019లో తీసేశారు. ప్రభుత్వం ఇచ్చిన పతకాన్ని కూడా అంతకు ముందు సంవత్సరమే రద్దు చేశారు. విగ్రహం మాత్రం ఉంది” అన్నాడు మా వాడు.

బడి కట్టినవాడికి పతకం ఇవ్వడం విన్నాను. ఇచ్చిన పతకాన్ని ఆయన పోయిన అరవై మూడేండ్లకు వెనక్కు తీసుకోవడం వినలేదు. కారణమేమని అడిగాను. వాడు చెప్పిన జవాబు విన్న తరువాత ఆ విగ్రహం ముందు మరికొంతసేపు నిలబడిపోయాను. ఇంటికి వచ్చాక ఆంగ్లంలో దొరికినవి చదివాను. కొరియా భాషలోని వ్యాసాలు కొన్ని మా వాడు చదివి అర్థం చెప్పాడు. అలా తెలుసుకొన్న ఆ జీవితాన్ని మీ ముందుంచుతున్నాను. ఇది నాకెందుకు పట్టిందో చివర మనవి చేస్తాను.

*

కిమ్ సంగ్‌సు 1891 అక్టోబరులో దక్షిణ కొరియా నైరుతి భాగంలోని గోచాంగ్ ప్రాంతంలో జన్మించాడు. జొల్లా మండలమంటే మన గోదావరి డెల్టా వంటిది. వరి పండే నేల. పెద్ద భూస్వాముల ఇల్లు. పెదతండ్రికి మగ సంతానం లేనందున మూడవ యేటనే ఆయనకు దత్తుడైనాడు. అంటే ఇద్దరు తండ్రులు, రెండు ఆస్తులు. ఆ ఇంటి ధాన్యం జపానుకు ఓడలలో వెళ్లేది, ధనం తిరిగి వచ్చేది. ఆ దేశపు మహాకవులలో ఒకడైన సొ జంగ్‌జు తండ్రి ఈ కుటుంబపు భూముల మీద పెత్తనందారుగా పని చేసినవాడే. కవిగారి తొలి కవితలలో ఆ ఇంటి నీడ కనబడుతుందంటారు. కౌలు కట్టే వాడి చెమటే తరువాతి కాలంలో బడిగా, పత్రికగా, మిల్లుగా మారిందన్న సంగతి కథ ఆరంభంలోనే గుర్తుంచుకోవాలి.

పదమూడవ యేట పెండ్లి. మామగారు తన ఊరిలో ఒక చిన్న బడి నడిపేవాడు. అక్కడ ఇంగ్లీషు నేర్చుకొనేటప్పుడు సాంగ్ జిన్‌ఊ అనే సహాధ్యాయి దొరికాడు. ఆ స్నేహం నలభై యేండ్లు నిలిచింది. 1908లో ఈ ఇద్దరు కుర్రవాళ్లూ పెద్దల అనుమతి లేకుండానే గున్‌సాన్ రేవులో ఓడ ఎక్కి జపాను చేరుకొన్నారు. రెండేండ్లకు, 1910 ఆగస్టులో, వారి దేశమే జపాను సామ్రాజ్యంలో కలిసిపోయింది. దేశాన్ని మింగినవాడి రాజధానిలో కూర్చుని, ఆ దేశపు విశ్వవిద్యాలయంలో, వాడికి ఆ బలం ఎక్కడి నుంచి వచ్చిందో నేర్చుకోవలసిన విచిత్రస్థితి ఆ తరం విద్యార్థులది.

టోక్యోలో వసేదా విశ్వవిద్యాలయాన్ని ఒకుమా షిగెనోబు అనే రాజనీతిజ్ఞుడు 1882లో నెలకొల్పాడు. ప్రభుత్వం చేతిలో లేని విద్యాపీఠం జాతిని మార్చగలదన్న నమ్మకం కిమ్‌కు అక్కడ కలిగింది. 1914లో పట్టా పుచ్చుకొని స్వదేశం చేరాడు. మరుసటి యేడు సియోల్‌లో మూతబడడానికి సిద్ధంగా ఉన్న జుంగాంగ్ పాఠశాలను తీసుకొన్నాడు. ఇరవై నాలుగేండ్ల కుర్రవాడికి బడి కొనడానికి ధనమిమ్మంటే ఏ తండ్రి ఇస్తాడు? అన్నం మానేసి గదిలో కూర్చున్నాడని, పెద్దలు దిగి వచ్చారని ఆయన జీవిత కథలు చెబుతాయి.

1919 మార్చి 1. కొరియా చరిత్రలో ఆ తేదీకి మన దండి యాత్రకున్నంత స్థానముంది. ముప్ఫై ముగ్గురు ప్రముఖులు స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకాలు చేశారు. దేశమంతా వీధుల్లోకి వచ్చింది. దాని వెనుక జరిగిన మంతనాలలో కొన్ని జుంగాంగ్ పాఠశాలలో రాత్రి కాపలా ఉపాధ్యాయుడు పడుకొనే చిన్న గదిలో జరిగాయి. టోక్యోలోని విద్యార్థులు రాసుకొన్న ప్రకటనను ఒకరు రహస్యంగా దాచి తెచ్చి అక్కడ హ్యాన్ సాంగ్‌యున్ అనే ఉపాధ్యాయుని చేతికిచ్చారు. హ్యాన్, సాంగ్ జిన్‌ఊ ఇద్దరూ తరువాత చెరసాల పాలైనారు.

కిమ్ సంగ్‌సు? ఆయన సంతకం చేయలేదు. ఉద్యమానికి ముందే స్వగ్రామం వెళ్లిపోయాడు. పిరికితనం కాదు, ఆయన చిక్కితే బడి మూతబడుతుంది గనుక మిత్రులే దూరంగా ఉండమన్నారని చెబుతారు. నేను దానిని కాదనను. కాని ఈ జీవితంలో మొదటి మలుపు ఇదే అనిపిస్తుంది. మనిషి కంటె సంస్థ ముఖ్యం, సంస్థ నిలవాలంటే మనిషి కొంత వెనుకకు తగ్గాలి అన్న సూత్రం ఆనాడే స్థిరపడింది. ఆనాడు అది నూటికి నూరుపాళ్లూ సమంజసంగానే కనబడింది.

*

ఆ సంవత్సరమే అక్టోబరులో ఆయన క్యోంగ్‌సంగ్ నేత మిల్లును స్థాపించాడు. మన బట్ట మనమే నేసుకొందామన్న పిలుపుతో ఊరూరా తిరిగి వాటాలు అమ్మారు. 1920లలో ప్యాంగ్‌యాంగ్ నగరంలో చో మాన్‌సిక్ అనే పెద్ద ఆరంభించిన స్వదేశీ వస్తువుల ఉద్యమం మన ఖద్దరు ఉద్యమానికి దగ్గరి చుట్టం. చోను కొరియా గాంధీ అని పిలిచేవారు. కాని మిల్లుకు కావలసిన మగ్గాలు, నూలు జపాను నుంచే వచ్చాయి. తరువాత అప్పులు, రాయితీలు కూడా జపాను ప్రభుత్వం నుంచే. తమ్ముడు కిమ్ యాన్‌సు నిర్వహణలో అది పెరిగి పెద్దదై 1939 నాటికి జపాను ఆక్రమించిన మంచూరియాలో అనుబంధ కర్మాగారం పెట్టేంతగా ఎదిగింది. కార్టర్ ఎకర్ట్ అనే అమెరికన్ చరిత్రకారుడు 1991లో ఈ కుటుంబపు వ్యాపారం మీద ఒక గ్రంథం వెలువరించాడు. దానికి ‘సామ్రాజ్య సంతానం’ అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. స్వదేశీ బట్టగా పుట్టినది సామ్రాజ్యపు ఒడిలో పెరిగిందన్నది ఆయన సిద్ధాంతం.

నాకు ఎక్కువ ఇష్టమైన ఘట్టం పత్రికది. 1910 తరువాత కొరియా భాషలో మిగిలిన ముఖ్యమైన దినపత్రిక ప్రభుత్వపు గొంతుగా ఉన్న ‘మేయిల్ సిన్‌బో’ ఒక్కటే. మార్చి ఉద్యమం చూసి జడిసిన పాలకులు కాస్త పట్టు సడలించగా, 1920 ఏప్రిల్ 1న కిమ్ ‘డోంగ్-ఆ ఇల్బో’ను స్థాపించాడు. ‘తూర్పు ఆసియా దినపత్రిక’ అని అర్థం. అప్పటికి ఆయనకు ఇరవై తొమ్మిది నిండలేదు. ఆరు నెలలు తిరగకుండానే జపాను రాజచిహ్నాలైన అద్దం, కత్తి, మణులను కించపరిచారని నిరవధికంగా ఆపివేశారు. వలస పాలనలో అటువంటి నిరవధిక నిషేధాలు నాలుగు: 1920, 1926, 1930, 1936.

ఆ పత్రికకు మన దేశంతో నిజమైన బంధుత్వమున్నది. 1926లో కిమ్ సంగ్‌సు గాంధీ మహాత్మునికి లేఖ రాశాడు. మహాత్ముడు బదులిచ్చాడు. కొరియా తనదైన దానిని సత్యమార్గాన, అహింసామార్గాన సాధించుకోవాలన్నది ఆ నాలుగు మాటల సారం. 1927 జనవరిలో ఆ జాబు పత్రికలో వచ్చింది. 1929లో జపాను వచ్చిన రవీంద్రుణ్ణి డోంగ్-ఆ విలేఖరి కలిసి తమ దేశానికి రమ్మని కోరాడు. రాలేకపోయిన కవి నాలుగు పంక్తులు రాసి ఇచ్చాడు. కొరియాను తూర్పున ఒకనాడు వెలిగిన దీపంతో పోల్చిన ఆ చిన్న రచన 1929 ఏప్రిల్ 2న అచ్చయింది. ఈనాటికీ అక్కడి చదువుకొన్నవారికి తెలియని మాట కాదు. మా అబ్బాయి పనిచేసే చోట ఒక పెద్దమనిషి, నేను భారతీయుణ్ణని తెలియగానే ఆ పంక్తులను ఆ భాషలో అప్పజెప్పాడు. అర్థం తెలియకపోయినా లయ తెలిసింది. కన్ను చెమర్చింది.

తెలుగు పండితుడిగా నన్ను కట్టిపడేసిన పని మరొకటి. 1931 నుంచి 1934 వరకు వరుసగా నాలుగు వేసవులు ఆ పత్రిక విద్యార్థులను పల్లెలకు పంపింది. వేసవి సెలవులలో వారు అక్కడ చదువురాని వారికి హంగుల్ అక్షరాలు నేర్పారు. 1933లో భాషా పండితులు హంగుల్‌కు ఏకరూపమైన వర్ణక్రమాన్ని ఏర్పరిచారు. ఆ పద్ధతి జనంలోకి వెళ్లడానికి ఈ పత్రిక అండగా నిలిచింది. తరువాత పాలకులు పల్లె చదువులను నిషేధించారు. 1935లో పత్రిక పెట్టిన నవలల పోటీలో గెలిచిన షిమ్ హున్ నవల ‘సాంగ్‌నోక్సు’ అటువంటి పల్లె గురువుల కథే. అన్యభాష ఏలుతున్న దేశంలో మాతృభాషకు ఓనమాలు దిద్దించడం కన్న గొప్ప పని ఏముంటుంది? ఆ ఒక్క పుణ్యం చాలదా అని తోస్తుంది.

ఇక 1936 బెర్లిన్ ఒలింపిక్ క్రీడలు. మారథాన్ పరుగులో సోన్ కీజంగ్ అనే కొరియా యువకుడు జపాను జెండా ఛాతీ మీద ధరించి మొదటివాడుగా వచ్చాడు. డోంగ్-ఆ కార్యాలయంలోని ఉద్యోగులు ఆగస్టు 25 సంచికలో అతని ఛాయాచిత్రం వేస్తూ ఛాతీ మీది జెండాను చెరిపివేశారు. ప్రభుత్వం విలేఖరులను నిర్బంధించి పత్రికను ఆపింది. తొమ్మిది నెలల తరువాత, 1937 జూన్‌లో, తిరిగి తెరిచేటప్పటికి అధ్యక్షుడుగా ఉన్న సాంగ్ జిన్‌ఊ లేడు. జెండా చెరిపినవారూ లేరు. సంస్థ నిలిచింది. దానికి ప్రాణం పోసినవారు బయటికి వెళ్లారు.

విశ్వవిద్యాలయం సంగతి. 1920లలో ప్రజల చందాలతో విశ్వవిద్యాలయం కట్టాలన్న ఉద్యమం విఫలమైంది. ప్రభుత్వమే 1924లో తన సామ్రాజ్య విశ్వవిద్యాలయాన్ని నిలిపింది. కిమ్ నిరాశ చెందలేదు. 1929 నుంచి రెండేండ్లు ఐరోపా, అమెరికా ఖండాలలోని విద్యాపీఠాలను చూసి వచ్చి, 1932లో అప్పుల్లో మునిగి ఉన్న పోసంగ్ కళాశాలను స్వీకరించాడు. 1934లో అనామ్ కొండవాలున రాతి భవనం లేచింది. నేను చూసినది అదే.

*

ఇప్పుడు చెప్పక తప్పని సంవత్సరం వచ్చింది.

1937లో చైనాతో యుద్ధం మొదలైన నాటి నుంచి జపాను పాలకులు కొరియా పెద్దలను ఒక్కొక్కరినీ పిలిచి వేదిక ఎక్కించారు. యుద్ధ సహాయ సంఘాలలో కిమ్ పేరు చేరింది. 1940 ఆగస్టులో ఆయన పత్రికను బలవంతంగా మూసివేశారు. బడులలో కొరియా భాష కనుమరుగైంది. ప్రజలందరూ జపాను పేర్లు పెట్టుకోవాలన్నప్పుడు ఆయన తన పేరు మార్చుకోలేదని ఆయన పక్షం వారు చెబుతారు. అదీ లెక్కలో వేద్దాము.

1943 అక్టోబరులో కళాశాల విద్యార్థులు ‘స్వచ్ఛందంగా’ సైన్యంలో చేరాలని ప్రకటన వచ్చింది. స్వచ్ఛందమన్నది పేరుకే. చేరనివాడి తలుపు ప్రతి రాత్రీ పోలీసు తట్టేవాడు. నవంబరులో ‘మేయిల్ సిన్‌బో’లో కిమ్ సంగ్‌సు పేరుతో ఒక వ్యాసం వచ్చింది. ఈ గడ్డ మీది విద్యార్థులు చదువు విడిచి రణరంగానికి వెళ్లడం, ఆ గొప్ప లక్ష్యం కోసం ప్రాణమైనా ఇవ్వడం బాధ్యత అన్నది దాని సారాంశం. రాసినది ఎవరి పేరు మీద? విద్యార్థులు తండ్రిలా చూసే కళాశాలాధిపతి పేరు మీద. 1944 జనవరి 20న నాలుగువేల మందికి పైగా కొరియా విద్యార్థులు జపాను దుస్తులు తొడిగారు.

ఆ వ్యాసాలు ఆయన స్వయంగా రాసినవి కావు, విలేఖరులు ఆయన పేరు వాడుకొన్నారు అని వారసుల వాదన. 2009లో ప్రభుత్వ విచారణ సంఘం వెయ్యిమందికి పైగా సహకారుల జాబితాలో ఆయనను చేర్చింది. అదే సంవత్సరం ఒక పరిశోధన సంస్థ వెలువరించిన 4,389 పేర్ల జీవిత నిఘంటువులోనూ ఆయన ఉన్నాడు. వారసులు న్యాయస్థానానికి వెళ్లారు. 2017 ఏప్రిల్‌లో అక్కడి అత్యున్నత న్యాయస్థానం వారి వాదనను తోసిపుచ్చింది. 2018 ఫిబ్రవరిలో మంత్రివర్గం, 1962లో మరణానంతరం ఇచ్చిన పతకాన్ని రద్దు చేసింది.

నా మనసును పట్టి లాగినది ఇంకొకటి. అంత మూల్యం చెల్లించి కాపాడుకొన్న కళాశాల సంగతి ఏమైంది? 1944లో పాలకులు దాని పేరు కొట్టివేసి వలస ఆర్థిక విద్యాలయమని కొత్త పేరు తగిలించారు. పత్రిక అప్పటికే పోయింది. గోడలు మిగిలాయి. అడిగినదల్లా ఇస్తూ పోతే అడగడం ఆగుతుందా? మొదట దూరంగా ఉండమన్నారు, తరువాత మిత్రులను తొలగించమన్నారు, తరువాత పేరు ఇమ్మన్నారు. చిట్టచివర పిల్లలను అడిగారు. ఏ పిల్లల కోసం బడి కట్టాడో ఆ పిల్లలనే.

*

1945 ఆగస్టులో విముక్తి వచ్చింది. డిసెంబరు 1న డోంగ్-ఆ తిరిగి వెలువడింది. ఆ నెలాఖరునే, 30వ తేదీన, ప్రాణమిత్రుడు సాంగ్ జిన్‌ఊను హంతకులు కాల్చి చంపారు. మిత్రుడు నడిపిన కొరియా ప్రజాస్వామ్య పక్షం కిమ్ భుజాన పడింది. భూస్వాముల పక్షమని దానికి పేరు. 1946 ఆగస్టు 15న పోసంగ్ కళాశాల కొరియా విశ్వవిద్యాలయమైంది. మొదటి అధ్యక్షుడు, నాడు ఆ చిన్న గదిలో ప్రకటన అందుకొన్న హ్యాన్ సాంగ్‌యున్. 1950 యుద్ధంలో ఉత్తరం వారు ఆయనను పట్టుకుపోయారు.

1951 మేలో శాసనసభ కిమ్‌ను ఉపాధ్యక్షుడిగా ఎన్నుకొన్నది. రాజధాని అప్పుడు యుద్ధం కారణంగా బూసాన్ రేవులో ఉంది. 1952 మే 25న అధ్యక్షుడు సింగ్‌మన్ రీ, తిరిగి ఎన్నిక కావడానికి, అక్కడ సైనిక శాసనం విధించాడు. శాసనసభ్యులు ఎక్కిన బస్సునే లాగించుకుపోయారు. నాలుగు రోజులకు, మే 29న, కిమ్ పదవికి రాజీనామా చేశాడు.

ఆయన జీవితంలో నేను చేతులెత్తి నమస్కరించే క్షణం ఇదే. ఈసారి బేరం లేదు. పదవిలో ఉంటే నాలుగు మంచి పనులు చేయవచ్చు గదా అని సర్దుకొనలేదు. కాదు అన్నాడు, వెళ్లిపోయాడు. 1943లో అనలేకపోయిన మాటను అరవై యేండ్ల వయసులో, రోగపీడిత శరీరంతో, అనగలిగాడు. 1955 ఫిబ్రవరి 18న కన్నుమూశాడు.

ఆ కథకు ఇంకొక మలుపుంది. కిమ్ జున్‌యోప్ అనే విద్యార్థి టోక్యోలో చదువుతూ 1944లో అలాగే సైన్యంలోకి లాగబడ్డాడు. చైనాలో శిబిరం నుంచి తప్పించుకొని, పారిపోయిన మరి కొందరితో కలిసి సుదీర్ఘమైన నడక నడిచి చోంగ్‌చింగ్ నగరంలోని కొరియా ప్రవాస ప్రభుత్వాన్ని చేరుకొన్నాడు. స్వాతంత్ర్య సేనలో చేరాడు. విముక్తి తరువాత కొరియా విశ్వవిద్యాలయంలో చరిత్ర ఆచార్యుడై, 1982లో దానికి అధ్యక్షుడైనాడు. అధిపతి పేరు మీద వచ్చిన పిలుపు ఏ యుద్ధానికి పిలిచిందో, ఆ యుద్ధాన్ని ధిక్కరించి వెళ్లినవాడే ఆ అధిపతి కట్టిన భవనంలో ఆ పీఠం మీద కూర్చున్నాడు. కాలం చేసే న్యాయం ఇలా ఉంటుందా అనిపించింది.

*

ఇక నా మాట.

1989లో నేను ఒక పల్లెలో జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుణ్ణి. రెండు తరగతులు వేపచెట్టు క్రింద నడిచేవి. వాన వస్తే సెలవు. ఆ ప్రాంతపు సారా కాంట్రాక్టరు ఒకాయన నాలుగు గదులు కట్టిస్తానని ముందుకొచ్చాడు. ప్రారంభోత్సవానికి పంచరత్నాలు రాయమని ప్రధానోపాధ్యాయులు నన్ను కోరారు. నేను తటపటాయించగా, “పంతులుగారూ, మీ అయిదు పద్యాల ఖరీదు నాలుగు గదులు. ఆలోచించుకోండి” అన్నారు. ఆలోచించుకొన్నాను. రాశాను. శిబి, దధీచి, కర్ణుడు, ఎవరినీ వదలలేదు. ప్రాసలు బాగా కుదిరాయి, అదొక సంతోషం కూడాను.

చదవడానికి తొమ్మిదవ తరగతిలో మంచి గొంతున్న అమ్మాయిని ఎంచుకొన్నాను. వారం రోజులు దగ్గర కూర్చుని యతిస్థానం దగ్గర ఊపిరి ఎలా ఆపాలో నేర్పాను. ఆ పిల్ల ఒక్క అక్షరం తడబడకుండా చదివింది. కాంట్రాక్టరు ఆమె చేతిలో నూరు రూపాయల నోటు పెట్టాడు. సభ చప్పట్లు కొట్టింది. ఆ పిల్ల తండ్రి ఆ కాంట్రాక్టరు దుకాణంలో తాగి తాగి, ఇంట్లో ఇత్తడి బిందె కూడా మిగల్చకుండా, ఆ యేడాది సంక్రాంతికి ముందే చనిపోయాడని నాకు ఆ రోజు సాయంకాలం తెలిసింది. ముందు తెలిసి ఉంటే వేరే పిల్లను ఎంచుకొనేవాణ్ణి. పద్యాలు మాత్రం రాసేవాణ్ణే. నిజం చెప్పాలి కదా!

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో స్త్రీలు సారా మీద తిరగబడ్డారు. అక్షరదీక్ష తరగతులలో నేర్చిన చదువే వారికి ఆ ధైర్యమిచ్చిందని చెబుతారు. ఆ గాలి మా వైపూ వీచింది. ప్యాకెట్ల దుకాణం ముందు అడ్డంగా కూర్చున్న ఆడవాళ్లలో ఆ పిల్ల తల్లి కూడా ఉంది. 1993 అక్టోబరు నుంచి సారా నిషేధం వచ్చింది. నేను ఆ దుకాణం దారిన కాకుండా చుట్టు తిరిగి బడికి వెళ్లేవాణ్ణి.

చాలా యేండ్లకు ఒక పెండ్లిలో ఆ అమ్మాయి కనబడింది. నర్సుగా పనిచేస్తోందట. కాళ్లకు దండం పెట్టి, “ఆ కొత్త గదిలోనే పదో తరగతి చదివాను మాష్టారూ. చెట్టు కింద అయితే మా అమ్మ మానిపించేసేది” అంది. నా గుండె తేలికపడబోయింది. అంతలోనే ఆమె మెల్లగా, “మీ పద్యాలు అయిదూ ఇప్పటికీ నోటికి వస్తాయి. మరిచిపోదామన్నా పోవు” అంది. నిష్ఠురం లేదు. ఉన్న మాట చెప్పింది. నేను ఏమీ అనలేకపోయాను.

సియోల్‌లో ఆ విగ్రహం ముందు నాకు వినబడినది ఆ గొంతు. నాలుగు గదుల పంతులు ఎక్కడ, జాతికి విద్యాపీఠమిచ్చిన మహనీయుడెక్కడ! పోలిక పరిమాణంలో కాదు, స్వభావంలో. ఉపాధ్యాయుని మాట వ్యాపారి మాట వంటిది కాదు, మంత్రి మాట వంటిదీ కాదు. పిల్లలు దానిని నమ్ముతారు. కంఠస్థం చేస్తారు. మనం మరచినా వారు మరువరు.

భారతంలో యుద్ధారంభానికి ముందు ధర్మరాజు కవచం విప్పి, కాలినడకన శత్రుసేనలోని పెద్దల వద్దకు వెళ్లి నమస్కరిస్తాడు. భీష్ముడు, ద్రోణుడు ఒకరి తరువాత ఒకరు, తాము కౌరవుల ధనానికి కట్టుబడి ఉన్నామని, అందుకే ఇలా మాట్లాడవలసి వస్తున్నదని ఒప్పుకొంటారు. ముప్ఫై యేండ్లు ఆ ఘట్టం పాఠం చెప్పాను. ద్రోణాచార్యుడు చేసిన పని ఆ మాటతో మంచిదైపోదు. కాని శిష్యుని ముఖం చూసి ఆ మాట అనగలగడం చిన్న సంగతి కాదు. నాకు ఆ పెండ్లిలో అటువంటి అవకాశం వచ్చింది. నేను అనలేదు.

పతకం తీయడం తప్పా, ఒప్పా అని మా అబ్బాయి అడిగాడు. విగ్రహం ఉండడమూ ఒప్పే, పతకం పోవడమూ ఒప్పే అన్నాను. గదుల లెక్క వేరు, మాటల లెక్క వేరు. ఒకదానిలో నుంచి మరొకటి తీసివేసి శేషం చూడడానికి వీలు లేదు. ఆ భవనంలో చదువుకొన్న లక్షలమంది పిల్లలు నిజం. ఆ వ్యాసం చదివిన తల్లులు నిజం.

ఈసారి ఊరు వెళ్లినప్పుడు ఆ అమ్మాయి చిరునామా కనుక్కోవాలనుకొన్నాను. కనుక్కొన్నాను కూడా. పండగ తరువాత వెళ్తాను. ఆనాడు ఆ పద్యాలు నేను నమ్మి రాయలేదమ్మా అని చెప్పాలి. ఆలస్యమైంది, తెలుసు. అయినా ఆ మాట నేను బ్రతికుండగా నా నోటితోనే చెప్పాలి. నా తరువాత నా పిల్లలు నా తరఫున వాదించవలసిన పని ఉండకూడదు.

స్వస్తి.